నడిసముద్రంలో పగడపు దిబ్బలకు కాపలా.. ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

పగడపు దిబ్బల దగ్గర చేపలు పట్టొద్దని చట్టం చేయడం తేలికే. మరి నడిసముద్రంలో దాన్ని అమలు చేసేదెవరు? పడవల డీజిల్‌కి, సిబ్బంది తిండికి డబ్బులెక్కడివి? ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతాహా దీనికో దారి చూపించింది.

సులు సముద్రంలో, ప్యూర్టో ప్రిన్సెసా నగరానికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి ఈ దిబ్బలు. 1988లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. దాదాపు 97 వేల హెక్టార్ల ఈ పార్కులో చేపల వేట పూర్తిగా నిషేధం.

ఎందుకింత కఠినం? నాచు తినే చేపలు తగ్గిపోతే, ఆ నాచు పెరిగి పగడాలను కమ్మేస్తుంది.

అందుకే ఇక్కడ రేంజర్లు ఏడాదంతా కాపలా కాస్తారు. నేవీ, కోస్ట్ గార్డ్ సిబ్బందితో పాటు స్థానిక కగయన్‌సిల్యో మున్సిపాలిటీ వాళ్లు కూడా టీమ్‌లో ఉంటారు. ఖర్చులో ముఖ్యమైన భాగం డైవింగ్‌కి వచ్చే టూరిస్టులు కట్టే ఫీజు నుంచే వస్తుంది. వేటకు దూరమైన కగయన్‌సిల్యోకీ అందులో కొంత వాటా ఉంది.

చిక్కు ఎక్కడంటే.. డైవింగ్ సీజన్ మార్చి నుంచి జూన్ వరకే. కాపలా మాత్రం 12 నెలలూ ఉండాలి. 2020లో కరోనా వల్ల సీజనే రద్దయింది. ఫీజులు ఆగినా రేంజర్లను వెనక్కి పిలవడం కుదరదు. ఎందుకంటే టూరిస్టులు రాకపోతే దొంగచాటు వేటను చూసే కళ్లు ఇంకా తగ్గిపోతాయి.

అందుకే ఫీజుల మీదే ఆధారపడకుండా ప్రభుత్వ నిధులు, కష్టకాలానికి దాచిన సొమ్ము కూడా ఉండాలి. లేదంటే టూరిజం దెబ్బతిన్న ఏడాదే దిబ్బలకూ దెబ్బ పడుతుంది.