తీరరేఖను తేలిక చేసే లెక్క

కంప్యూటర్ పటంలో తీరరేఖ అంటే వరసగా కలిపిన బిందువులు. వివరంగా సర్వే చేసిన తీరానికి అవి లక్షల్లో ఉంటాయి. వెయ్యి కిలోమీటర్ల ప్రాంతాన్ని వెయ్యి పిక్సెళ్ల తెరమీద చూపితే ఒక్కో పిక్సెల్‌కు ఒక కిలోమీటరు వస్తుంది. వంద మీటర్ల వంపు అక్కడ కనపడదు సరికదా, ఇరుక్కున్న బిందువులు గీతను ముద్ద చేస్తాయి. అందుకే ఆకారం చెడకుండా బిందువులను తగ్గిస్తారు. దీన్నే సరళీకరణ అంటారు.

బాగా వాడుకలో ఉన్న పద్ధతిని 1972లో రేమర్, 1973లో డగ్లస్, పాయ్కర్ ప్రకటించారు. ముందుగా గీత రెండు కొసలనూ తిన్నగా కలుపుతారు. ఆ తిన్నని గీతకు అన్నిటికన్నా దూరంగా ఉన్న బిందువును పట్టుకుంటారు. ఆ దూరం ముందే పెట్టుకున్న పరిమితిలోపు ఉంటే మధ్య బిందువులన్నీ పోతాయి. మించితే ఆ బిందువు నిలుస్తుంది. గీత అక్కడ రెండవుతుంది, ఒక్కో ముక్కకూ మళ్లీ అదే పరీక్ష. పెద్ద మలుపులు ఇలా మిగులుతాయి. అయితే కొసదేలిన మొనలే ఎక్కువగా నిలిచి, గీత ముళ్లముళ్లుగా తయారవుతుంది.

1993లో విశ్వలింగం, వ్యాట్ దూరాన్ని వదిలి వైశాల్యాన్ని తీసుకున్నారు. ప్రతి బిందువూ తన ఇరుపక్కల బిందువులతో ఒక త్రిభుజం కడుతుంది. అతి చిన్న త్రిభుజమున్న బిందువు ముందు పోతుంది. పక్క త్రిభుజాలను మళ్లీ కొలుస్తారు. కంటికి ఈ గీతే హాయి.

రెండు పద్ధతులకూ తెలిసింది కొలతే, అర్థం కాదు. ఉదాహరణకు, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఉంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నటి ఇసుకదిబ్బ అది. బంగాళాఖాతపు అలల నుంచి రేవును కాచేది అదే. మొదటి పద్ధతిలో పరిమితి పెద్దదైతే దిబ్బ కొస నిలుస్తుంది గానీ, దాని రెండు అంచులూ ఒకదాన్నొకటి దాటి మెలిపడవచ్చు. రెండో పద్ధతిలో కొస దగ్గరి త్రిభుజాలు చిన్నవి కనుక దిబ్బ అరుగుతూ పొట్టిదవుతుంది. చివరికి రేవు నేరుగా సముద్రానికి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇలాంటి చోట దిబ్బను ఉన్నదానికన్నా లావుగా గీయడమే మేలు. కొలతకు అది తప్పే అయినా, అక్కడ రేవు ఎందుకు నిలిచిందో చూసేవారికి తెలుస్తుంది.

జిల్లాల సరిహద్దులను విడివిడిగా సరళీకరిస్తే ఇరుగుపొరుగు జిల్లాల మధ్య సందులు పడతాయి. ఉమ్మడి గీతను ఒక్కసారే దాచే టోపోజేసన్ వంటి ఫైళ్లలో ఈ చిక్కు రాదు.

అర్థం కోసం కొలతను వదలడంలో, కంప్యూటర్లకు ముందే హ్యారీ బెక్ ఇంకా తెగించాడు. 1933లో అచ్చయిన ఆయన లండన్ భూగర్భ రైలు పటంలో దూరాలకే లెక్క లేదు. ప్రయాణికుడికి కావలసింది స్టేషన్ల వరస, రైలు మారే చోటు. అందుకే దారులన్నీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు గీతలయ్యాయి. నేలమీది గుర్తుల్లో ఆయన ఉంచింది థేమ్స్ నది ఒక్కటే, అదీ అవే కోణాల్లో మలిచి.