దూరపు గాలి, దగ్గరి ప్రవాహం: తూర్పుతీర ప్రవాహంలో స్వల్పకాలిక మార్పులు

కాకినాడ దగ్గర వేటకు వెళ్లిన పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోతే ఆ పడవ ఎటు కొట్టుకుపోతుంది? గాలి ఎటు వీస్తే అటు అన్న జవాబు సగమే నిజం. పడవ కింది నీరు కూడా కదులుతూనే ఉంటుంది. ఆ నీటిని కదిలించిన గాలి కాకినాడలో వీచిందే కానక్కరలేదు. మూడు నాలుగు వారాల కిందట వేల కిలోమీటర్ల దూరాన, భూమధ్యరేఖ మీద వీచినది కూడా కావచ్చు.

భారతదేశపు తూర్పు తీరాన్ని ఆనుకొని సాగే ఈ సముద్ర ప్రవాహాన్ని శాస్త్రజ్ఞులు ‘తూర్పు భారత తీరప్రవాహం’ అంటారు. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ ఏడాది పొడవునా ఒకే దిశలో పారుతుంది. మన ప్రవాహానికి ఆ నిలకడ లేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఇది ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. ఉద్ధృతంగా ఉన్నప్పుడు దీని వేగం సెకనుకు ఒక మీటరు దాటుతుంది.

రుతుపవనం దిశ మారితే ప్రవాహమూ మారుతుందన్నది సులువుగా తోచే వివరణ. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యూజీన్ లాఫాండ్, ఆయన శిష్యులు విశాఖ తీరంలో పరిశీలనలు ప్రారంభించిన నాటి నుంచి స్థానిక గాలులకూ తీరజలాలకూ ఉన్న సంబంధం అధ్యయనంలో ఉంది. అయితే లెక్క పూర్తిగా కుదరలేదు. ఈశాన్య గాలి ఇంకా తొలగకముందే ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది. నైరుతి గాలి బలంగా వీచే జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరకోస్తా దగ్గర నీరు ఆ గాలికి ఎదురుగా దక్షిణానికి పారుతుంది. గాలికి ఎదురు నడిచే నీటికి వేరే కారణం ఉండి తీరాలి.

ఆ కారణానికి మూలం భూమధ్యరేఖ దగ్గర ఉంది. ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలల్లో అక్కడ పడమటి గాలులు బలపడతాయి. వాటి వల్ల తూర్పుకు దూసుకుపోయే వేగవంతమైన ప్రవాహాన్ని క్లాస్ విర్ట్‌కీ 1973లో వర్ణించాడు. భూభ్రమణ ప్రభావం వల్ల ఆ గాలి కదిలించిన నీరు రెండు వైపుల నుంచీ భూమధ్యరేఖ దగ్గరికి చేరుతుంది. అక్కడ సముద్రమట్టం కొద్దిగా లేస్తుంది, పైనున్న వెచ్చని నీటి పొర మందమవుతుంది. ఈ ఉబ్బు కెల్విన్ తరంగంగా తూర్పుకు సాగి సుమత్రా తీరాన్ని తాకుతుంది. దానిలో కొంత భాగం తీరాన్ని కుడిచేతి పక్కన ఉంచుకొని అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశాల మీదుగా బంగాళాఖాతాన్ని చుట్టి ఆంధ్ర తీరానికి వస్తుంది. దీని వేగం సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు, అంటే రోజుకు 200 కిలోమీటర్లకు పైగా.

ఇక్కడ తరంగానికీ ప్రవాహానికీ ఉన్న తేడాను గుర్తించాలి. బావి గట్టున చేంతాడును ఒక కొసన విదిలిస్తే అల రెండో కొసకు పోతుంది, తాడు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. సుమత్రా నీరు కాకినాడకు రాదు, దాని మట్టంలో కలిగిన మార్పు మాత్రమే వస్తుంది. తీరం పక్కన మట్టం పెరిగినప్పుడు, ఎత్తుగా ఉన్న వైపును కుడి పక్కన ఉంచుకొని నీరు పారడం ఉత్తరార్ధగోళపు నియమం. మన తీరం పడమట ఉంది కనుక ఆ ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. భూమధ్యరేఖ మీద తూర్పు గాలి వీస్తే అంతా తారుమారై, తీరంలో మట్టం తగ్గి ప్రవాహం ఉత్తరానికి మొగ్గుతుంది.

1996లో మెక్‌క్రియరీ, హాన్, శంకర్, శెట్యే కలిసి ఈ ప్రవాహానికి నాలుగు ప్రేరకాలను విడదీసి చూపారు: స్థానిక గాలులు, బంగాళాఖాతం నడుమ వీచే గాలులు, తూర్పు, ఉత్తర తీరాల వెంట వీచే గాలులు, భూమధ్యరేఖా గాలులు. వీటిలో మూడు దూరం నుంచి పనిచేసేవే.

రుతువులతో వచ్చే మార్పు కన్నా నెలల లోపు వచ్చే మార్పులు అంచనాకు మరింత కష్టమైనవి. భూమధ్యరేఖ వెంట మేఘసమూహాలు 30–60 రోజుల వ్యవధిలో తూర్పుకు కదులుతూ గాలిని బలపరుస్తూ, బలహీనపరుస్తూ ఉంటాయి. ప్రతి గాలివిసురూ ఒక తరంగాన్ని పుట్టించగలదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2009 నుంచి కడలూరు, కాకినాడ, విశాఖపట్నం, గోపాలపూర్ తీరాలకు ఆవల నీటిలో లంగరు వేసి ఉంచిన ధ్వనిమాపకాలు ఈ ఊగిసలాటను నమోదు చేశాయి. అయితే తరంగం మార్గమధ్యంలో బలహీనపడవచ్చు, సుడులు దానిని మరుగుపరచవచ్చు. కాబట్టి ప్రతి మార్పునూ భూమధ్యరేఖకు అంటగట్టడం కూడా పొరపాటే.

ఈ ప్రవాహం మోసుకుపోయేది పడవలను మాత్రమే కాదు. వానాకాలం తరువాత గంగా, బ్రహ్మపుత్రల మంచినీరు దీని వెంట తీరాన్ని ఆనుకొని, దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పున దక్షిణానికి దిగుతుంది. 2014లో వెలువడిన ఒక పరిశోధన దీన్ని ‘సముద్రంలోని నది’ అని పేర్కొంది. ఆ పరిశోధనకు నీటి నమూనాలు సేకరించి ఇచ్చినవారు తీరంలోని మత్స్యకారులే. ఉప్పు తక్కువైన ఈ పైపొర అడుగునున్న చల్లని నీరు పైకి కలవకుండా అడ్డుకుంటుంది. అందువల్ల తుపానుకు అందే వేడి తగ్గకుండా ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారికి సముద్రం కనుచూపు మేరలో లేకపోయినా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వారి చెరువుల్లో చేరే వాన బంగాళాఖాతం మీదుగా వచ్చేదే.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, తప్పిపోయిన పడవలను వెదకడానికి ‘సారట్’ అనే సాధనాన్ని నడుపుతోంది. చివరిసారి పడవ కనిపించిన చోటు, సమయం ఇస్తే, గాలినీ ప్రవాహాన్నీ లెక్కించి వెదకవలసిన మేరను అది గీసి ఇస్తుంది. ప్రవాహవేగంలో సెకనుకు 20 సెంటీమీటర్ల తేడా వస్తే, ఆ మేర ఒక రోజులో 17 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది, మూడు రోజులకు 50 కిలోమీటర్లు దాటుతుంది.