వార్తల్లో పదం: రెడ్ కాంప్లెక్స్

చిగుళ్ల జబ్బు ముదిరినవారికి చేసే డీఎన్ఏ పరీక్ష రిపోర్టులో కనిపించే మాట ఇది. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా అనే మూడు బ్యాక్టీరియాల గుంపు. సిగ్మండ్ సోక్రాన్‌స్కీ బృందం 1998లో పంటిపాచిలోని సూక్ష్మజీవులను రంగుల పేర్లతో విడదీసింది. పంటికీ చిగురుకూ మధ్య లోతుగా పడ్డ సందుల్లో, తాకితే రక్తం వచ్చే చోట్ల ఎక్కువగా దొరికినవాటికి ఎరుపు రంగు ఇచ్చింది.

నమూనా తీయడం తేలికే. పైనున్న పాచి తుడిచి, సూదిలా సన్నగా చుట్టిన కాగితపు పుల్లను సందు అడుగుదాకా దించుతారు. కొన్ని సెకన్లలో అది తడి పీల్చుకుంటుంది. దాన్ని ట్యూబులో వేసి ల్యాబ్‌కు పంపితే, పీసీఆర్‌తో ఆ క్రిముల డీఎన్ఏను వెతుకుతారు. గాలి సోకితే బతకని ఈ క్రిములను కల్చర్‌లో పెంచడం కష్టం. పీసీఆర్‌కు అవి బతికుండనక్కర్లేదు.

చిక్కూ అక్కడే ఉంది. చచ్చిన క్రిమి కూడా లెక్కలోకొస్తుంది. ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో మామూలు రిపోర్టు చెప్పదు. పైగా ఆరోగ్యంగా ఉన్న నోళ్లలోనూ ఇవి కొద్దిగా ఉండొచ్చు. జబ్బును తేల్చేది ప్రోబ్‌తో కొలిచిన సందు లోతు (3 మి.మీ. దాకా మామూలే), ఎక్స్‌రేలో కనిపించే ఎముక తరుగుదల. గార తీసి, పంటి వేళ్లు శుభ్రం చేసినా లొంగని కేసుల్లో ఈ పరీక్షకు అర్థముంది. చిగుళ్లలో రక్తం కనిపించిన ప్రతివారికీ రాయడం మాత్రం అనవసరపు ఖర్చే.