ఎఱ్ఱని బంగారము

ఆముదపు దీపముపై ఇత్తడి పళ్లెము బోర్లించి పట్టిన మసిని, కాటుకకై నేతిలో నూఱుటకు ముందు, చిటికెడు తీసి గ్లాసెడు నీటిలో వేసి చూడుడు: ఎంత కలిపినను అది తెట్టుగట్టి తేలునే గాని నీటితో కలియదు. ఆ మసినే తుమ్మజిగురుతో చాలసేపు మెదిపి, పిదప నీరు చేర్చినచో వ్రాతకు పనికివచ్చు నల్లసిరా యగును. నానోకణముల పరిశ్రమ యంతయు ఈ జిగురు కథయే యని నా అభిప్రాయము. కణమును పుట్టించుటకంటె, పుట్టినదానిని తోడికణముల నంటకుండ నిలుపుటయే అందు కష్టమైన పని.

నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. ఒక గ్రాము బంగారమును ఘనాకారముగా పోతపోసినచో దాని ఉపరితలము ఒక చదరపు సెంటీమీటరైన నుండదు. ఆ గ్రామునే 20 నానోమీటర్ల గోళములుగా విభజించినచో, అన్నిటి ఉపరితలమును కలిసి సుమారు 15 చదరపు మీటర్లగును, అనగా ఒక గది నేలయంత. ఇంత ఉపరితలమును మోయు ద్రవ్యము, అవకాశము దొరకిన తోడనే కణమునకు కణమంటుకొని దానిని తగ్గించుకొన జూచుట సహజము.

పుట్టించు విధానము వినుటకు సులభమే. ద్రవరాజములో బంగారమును కరగించుటవలన లభించు పసుపుపచ్చని లవణమును మిక్కిలి పలుచని ద్రావణముగా చేసి, అది తెర్లుచుండగా సోడియం సిట్రేటును చేర్చుదురు. పసుపు మాయమగును; కొలది నిమిషములలో బూడిదవన్నెతో కూడిన నీలిమ తోచి, ఊదాగా మారి, తుదకు కెంపువన్నె తేలును. ఈ పద్ధతిని 1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు సవిస్తరముగా పరిశీలించిరి. సిట్రేటు పాలు పెంచినకొలది కణము చిన్నదగునని 1973లో ఫ్రెన్స్ చూపెను. అయితే గాజుపాత్రలో కుదిరినది పెద్ద తొట్టిలో కుదురునను నమ్మకము లేదు. ఇంటిలో చక్కగా వచ్చిన ఉప్మా, పెండ్లివారి గుండిగలో రవ్వ పోయుచు కలియబెట్టుటలో ఏమరినచో ఉండలు గట్టినట్లే, సిట్రేటు అంతటను ఒక్కసారి వ్యాపింపనిచో కణములు పలుపరిమాణములై సరకు చెడును.

సిట్రేటు బంగారమును విడదీయుటయే గాక, కణముల నంటిపెట్టుకొని వానికి ఋణావేశము నిచ్చును. సజాతీయావేశములు వికర్షించుకొనును గనుక కణములు ఎడమెడముగా నుండును. చిటికెడు ఉప్పు వేయుడు: ఉప్పులోని అయానులు ఆ ఆవేశమును కప్పివేయగా కణములు గుమిగూడి, ఎఱ్ఱని నీరు చూచుచుండగనే నీలమగును. 1857లో ఫారడే తన లండను ప్రయోగశాలలో ఈ మార్పును గమనించినవాడే. జెలటిన్ వంటి పదార్థము ముందుగా చేర్చినచో ఎఱుపు నిలుచుననియు నాతడెఱుగును. ఆయన సీసాలు కొన్ని నేటికిని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో భద్రముగా నున్నవి.

ఈ రక్షణకు కొలత నేర్పఱచినవాడు, 1925 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందిన జిగ్మండీ. 10 మిల్లీలీటర్ల బంగారపు కొల్లాయిడుకు 10 శాతపు ఉప్పునీరు 1 మిల్లీలీటరు చేర్చినప్పుడు రంగు మారకుండుటకు కావలసిన రక్షకపదార్థపు మిల్లీగ్రాముల లెక్కయే స్వర్ణసంఖ్య. జెలటిన్‌కు అది 0.005 మొదలు 0.01 వఱకు; తుమ్మజాతి జిగురగు గమ్ అరబిక్‌కు 0.15 మొదలు 0.25 వఱకు; బంగాళాదుంప పిండికి సుమారు 25. సంఖ్య ఎంత తక్కువయో రక్షణ అంత గట్టిదన్నమాట. ఇంటర్మీడియేటు పరీక్షకై దీనిని వల్లించి మఱచినవారు మనలో పెక్కుమంది యుందురు. ఆ లెక్క పరిశ్రమలో ఏ పని చేయుచున్నదో మాత్రము ఏ మాష్టారును చెప్పినట్లు నాకు జ్ఞాపకము లేదు.

గర్భనిర్ధారణ పట్టీలను చేయువారు బంగారపు కణములపై ప్రతిరక్షక ప్రోటీనును పూయుదురు. పూత చాలినదో లేదో తెలియుటకు, నేటికిని కొంచెము తీసి అందులో ఉప్పునీరు కలిపి చూచెదరు. నీలమైనచో ప్రోటీను చాలలేదు, ఎఱుపు నిలిచినచో చాలినది. మూత్రములోనే ఉప్పుండును గదా! ఆ పరీక్షకు నిలువని కణము పట్టీలో నిలువదు. సిట్రేటు మాత్రమే గల కణములు ఒకసారి ఎండినను, గడ్డకట్టినను మరల విడివడవు గనుక, వానిని ద్రవరూపముననే చల్లగా దాచవలయును. ప్రోటీను పూత గట్టి, చక్కెర చేర్చిన కణములు పట్టీపై ఎండియు చెడక, తడి తగిలినంతనే మరల కదలును.

మందుల దుకాణములో దొరకు పట్టీలలో చాలవానిపై తేలు ఆ ఎఱ్ఱగీత బంగారమే.