చేపల తొట్టికి పైపులు, వాల్వులు

గాజు తొట్టిలో చేపలను పెంచువారు తొట్టి అందమును గూర్చియు, చేపల జాతులను గూర్చియు ఎంతయో విచారింతురు. తొట్టి వెనుకనుండు పైపులను గూర్చి విచారించువారు తక్కువ. చిన్న తొట్టికి ఆ విచారము అంతగా అక్కరలేదు. చెంబుతో నీరు తోడి మార్చుకొనవచ్చును. తొట్టి పెద్దదైనపుడు సంగతి మారును. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల తొట్టిలో 24 ఘనపుటడుగుల నీరు పట్టును. అనగా సుమారు 680 లీటర్లు. బరువును అన్ని కిలోలే. ఇంత నీటిని ఇంటి నడుమ నిలుపుకొని రేయింబవళ్ళు త్రిప్పుచుండుటకు పైపులే ఆధారము. వాటి ఎంపికలో మేము నేర్చుకొన్న సంగతులను కొన్నింటిని ఇచ్చట విన్నవింతుము.

పెద్ద తొట్టి క్రింద సాధారణముగా మరొక చిన్న తొట్టి యుండును. దానిని సంపు అందురు. పై తొట్టి అంచును దాటిన నీరు ఒక పైపు గుండ సంపులోనికి దిగును. అచ్చట స్పాంజి పొరలలో వడగట్టబడిన పిమ్మట పంపు దానిని మరొక పైపు గుండ పైకి చేర్చును. మొదటిది దిగు పైపు, రెండవది ఎక్కు పైపు. పంపు ఆడుచున్నంతసేపు ఈ రెండును సమముగా నడచును. పంపు ఆగిన క్షణమున ఏమగునన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు మేము ఆలస్యముగా సమాధానము తెలిసికొంటిమి. మా తొట్టి పైన చెప్పిన కొలతలదే. ఎక్కు పైపు నోరు కంటికి కనబడకుండవలెనని దానిని నీటిమట్టమునకు 6 అంగుళముల లోతున ఉంచితిమి. సంపులో 60 లీటర్ల ఖాళీ యుండెను. పంపు ఆగినపుడు నీరు వెనుకకు రాకుండుటకై పైపునకు ఒక చెక్ వాల్వు బిగించితిమి. అది ఉన్నది గదా యని నిశ్చింతగా నుంటిమి. ఒక వేసవి రాత్రి కరెంటు పోయినది. గోరంత నత్త యొకటి ఆ వాల్వు రెప్ప క్రింద చిక్కుకొని యున్నదని మాకు తెలియదు. రెప్ప మూసికొనలేదు. పైపు సైఫనుగా మారి, తొట్టిలోని 6 అంగుళముల నీటిని, అనగా 170 లీటర్లను, క్రిందికి లాగివేసినది. సంపు 60 లీటర్లను మాత్రమే పట్టుకొన్నది. తక్కిన 110 లీటర్లును గదినిండి, గడప దాటి, మెట్లమీదుగా క్రింది వాటాలోనికి దిగినవి. వారు వచ్చి తలుపు తట్టువరకు మాకు మెలకువ రాలేదు. వారి వంటయింటిలో బియ్యపు బస్తా తడిసి పోయినది. ఇంతలో కరెంటు వచ్చి, పంపు ఉన్న నీటిని పైకి తోడివేసి, పిమ్మట నీరందక గాలిని పీల్చుచు వేడెక్కి చెడిపోయినది. కదలిక లేని నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లవారుసరికి రెండు చేపలు చనిపోయినవి.

ఇందులో తప్పు వాల్వుది కాదు. దాని మీద మేముంచిన నమ్మకముది. రెప్పయో బంతియో కదలవలసిన ప్రతి వాల్వును ఏదో ఒకనాడు కదలక మానును. నీటిమట్టము మాత్రము ఎన్నడును మాట తప్పదు. కావున వరద రాకుండ ఆపు పనిని మట్టమునకు అప్పగించి, వాల్వులను మన చేతి సౌకర్యమునకు మాత్రమే వాడుకొనవలెను. ఎక్కు పైపు నోటిని మట్టమునకు 1 అంగుళము లోతున ఉంచినచో, పంపు ఆగినపుడు దిగునది సుమారు 28 లీటర్లు, పైపులలోని కొద్దిపాటి నీరు మాత్రమే. నోరు బయటపడగానే గాలి చొరబడి సైఫను తెగిపోవును. కొందరు పైపునకు మట్టము దగ్గర సన్నని రంధ్రము చేయుదురు. అదియు మంచిదే, కాని పాచి పట్టి పూడుకొనును గనుక వారమువారము పుల్లతో శుభ్రము చేయవలెను. మేము చెక్ వాల్వును తీసివేసి, పైపు నోటిని 5 అంగుళములు పైకి జరిపితిమి. ఆనాడు చాలని 60 లీటర్ల ఖాళీయే నేడు చాలుచున్నది.

ఇక పైపు దేనితో చేసినదై యుండవలెను? ఇనుప పైపు తుప్పు పట్టును. దాని పైనుండు జింకు పూత నీటిలో కరగి చేపలకు హాని చేయును. రాగి, ఇత్తడి, గన్ మెటల్ సామానులును తగవు. వాటినుండి దిగు రాగి, మనకు తెలియనంత స్వల్పమైనను, రొయ్యలకును నత్తలకును విషమగును. పైన వెండివలె మెరయు కుళాయిలోను లోపలనున్నది తరచుగా ఇత్తడియే. కావున పైపైనను వాల్వైనను ప్లాస్టిక్ దానినే కోరవలెను. యు.పి.వి.సి. పైపు మన అవసరమునకు చాలును. వేడినీటికై చేయబడిన సి.పి.వి.సి. పైపునకు ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. చేపల నీరు 25, 28 డిగ్రీలకు మించి యుండదు గదా. అదిగాక 1 అంగుళము పేరుగల సి.పి.వి.సి. పైపు లోపలి వ్యాసము సుమారు 23 మిల్లీమీటర్లే. అదే పేరుగల షెడ్యూల్ 40 యు.పి.వి.సి. పైపులో అది 26 మిల్లీమీటర్లకు పైబడి యుండును. పూర్వము ఈ పైపుల తయారీలో సీసపు లవణములను కలుపు అలవాటుండెను. వానిని క్రమముగా తొలగించుటకు భారత ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. అందుచే ఇంటి మూలనున్న పాత ముక్కలను వాడక, త్రాగునీటి పైపులకు వేయు ఐ.ఎస్. 4985 ముద్ర చూచి కొత్తవానిని కొనుట మేలు.

కొనునపుడు మరియొక చిక్కు కలదు. అంగుళముల లెక్కన చేసిన 1 అంగుళపు పైపు వెలుపలి వ్యాసము 33.4 మిల్లీమీటర్లు, మిల్లీమీటర్ల లెక్కన దానికి దగ్గరగా నుండు పైపు 32. చూపునకు రెండును ఒకటే. ఒకదాని ఎల్బో రెండవదానికి అతుకదు. పైపు, ఎల్బో, వాల్వు అన్నియు ఒకే లెక్కవిగా ఒకే చోట కొని, అంగడిలోనే ఒకదానిలో ఒకటి పెట్టి చూచుకొనవలెను.

పైపు లావు ఎంత యుండవలెనన్నది నీటి పరిమాణమును బట్టి యుండును. మా తొట్టిలో గంటకు 3000 లీటర్లు తిరుగవలెను. 20 మిల్లీమీటర్ల రంధ్రములో అది సెకనుకు 2.65 మీటర్ల వేగమున పరుగెత్తవలసివచ్చును. 25 మిల్లీమీటర్లలో 1.7 మీటర్లు, 40 మిల్లీమీటర్లలో 0.66 మీటరు. వేగము హెచ్చినకొలది ఒరపిడి హెచ్చి పంపు శక్తి వ్యర్థమగును. రంధ్రము ఒకటిన్నర రెట్లయినచో అంతే నీటికి కలుగు ఒరపిడి నష్టము సుమారు ఏడవ వంతునకు తగ్గును. ఎల్బో యొక్కొక్కటి నష్టమును పెంచును. 25 మిల్లీమీటర్ల పైపులో ఒక ఎల్బో సుమారు రెండున్నర అడుగుల తిన్నని పైపుతో సమానము. పంపు పెట్టెపై వ్రాసిన లీటర్ల లెక్క ఎత్తు లేనపుడు వచ్చునది. ఎత్తు పెరిగినకొలది అది తగ్గునని గుర్తుంచుకొనవలెను. ఎక్కు పైపునకు పంపు త్రోపుడు కలదు. దిగు పైపునకు నీటి బరువు తప్ప వేరు బలము లేదు. కావున దిగు పైపు ఎప్పుడును ఎక్కు పైపుకంటె లావుగా నుండవలెను. మేము ఎక్కుటకు 25, దిగుటకు 40 మిల్లీమీటర్ల రంధ్రము గల పైపులను ఎంచుకొంటిమి.

వాల్వులలో బాల్ వాల్వు మొదటిది. లోపల రంధ్రము గల బంతి యుండును. పిడిని పావు చుట్టు త్రిప్పిన మూసికొనును. పిడి పైపు వెంట నున్న తెరచినట్లు, అడ్డముగా నున్న మూసినట్లు, దూరమునుండియే తెలియును. పూర్తిగా తెరచుటకును, పూర్తిగా మూయుటకును ఇదియే తగినది. నీటిని కొంచెము కొంచెముగా సరిచేయుటకు మాత్రము తగదు. వెండ్రుకవాసి త్రిప్పిన ధార ఎంతయో మారును. ఆ పనికి గేట్ వాల్వు కావలెను. దాని చక్రమును ఎన్నో చుట్లు త్రిప్పవలెను గనుక ధార మెల్లగా మారును. అంగడులలో దొరకు గేట్ వాల్వులు పెక్కు లోహపువి. ప్లాస్టిక్ దానికై కొంత వెదకవలసియుండును. పంపు ధారను తగ్గించదలచినచో వాల్వును పంపు త్రోయు వైపున పెట్టవలెనే కాని పీల్చు వైపున బిగించరాదు. పంపునకును వాల్వునకును ప్రక్కన యూనియన్ అను మరచుట్ల అతుకు నుంచిన, రంపము పట్టకుండ విప్పి కడుగవచ్చును. యూనియన్‌తో కూడిన బాల్ వాల్వులే దొరకును; కొంత ధర ఎక్కువైనను అవియే లాభము. బోరు నీరు వాడు ఇండ్లలో వాల్వులకు సున్నము పట్టి బిగుసుకొనును. నెలకొకసారి వానిని మూసి తెరచుచుండిన ఆ బాధ యుండదు.

దిగు పైపు విషయమున ఒక నియమమును ఎన్నడును మీరరాదు. ఒక్కటే దిగు పైపున్నచో దానికి వాల్వు పెట్టరాదు. సగము మూసిన వాల్వులో ఒక ఆకు చిక్కిన చాలును. పంపు సంపులోని నీటిని పైకి తోడుచునే యుండును, పై తొట్టి పొంగును. రెండు దిగు పైపులుండుట శ్రేయము. మొదటిదానికి గేట్ వాల్వు పెట్టి, పైపు నిండుగా చప్పుడు లేకుండ నీరు దిగునట్లు సరిచేయవచ్చును. రెండవదాని నోరు దానికంటె కొంచెము ఎత్తున, ఏ వాల్వును లేక, ఎల్లప్పుడును తెరచి యుండవలెను. మొదటిది పూడుకొన్ననాడు నీరంతయు రెండవదానిలో దిగును. ఆ చప్పుడే మనకు హెచ్చరిక.

పైపులను తిన్నగా కోసి, అంచుల పొట్టు గీకి, సాల్వెంట్ సిమెంటు పూసి అతికి, ఒక దినము ఆరనీయవలెను. పిమ్మట చేపలను వేయకముందే నీరు నింపి, పంపు నడిపి, ఆ నీటిని పారబోయవలెను. మరల నింపినపుడు పరీక్ష ఒక్కటే: పంపు ఆడుచుండగా స్విచ్చి తీసివేసి, సంపు ప్రక్కన కూర్చుండి చూడవలెను. నీరు ఎచ్చట ఆగునో అచ్చట ఒక గీత గీయవలెను. సంపు అంచు ఆ గీతకు పైన నాలుగు వ్రేళ్ళయినను మిగిలి యున్నచో, నడిరేయి కరెంటు పోయినను మీరు నిదురపోవచ్చును; క్రింది వాటాలోని వారును నిదురపోవచ్చును.