తెర మీది తగవు – అసమ్మతి హక్కు

కంప్యూటరు తెరవగానే ఎదురయ్యే ముంగిలిని డెస్క్‌టాప్ అంటున్నాం. ఏ బొమ్మ ఎక్కడుండాలి, ఏది నొక్కితే ఏది తెరుచుకోవాలి అన్నది అక్కడే నిర్ణయమవుతుంది. కంపెనీల సొంత సాఫ్టువేరులో ఆ నిర్ణయం కంపెనీది. సోర్సుకోడును అందరికీ తెరిచి ఉంచిన లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్, సినమన్ అంటూ డెస్క్‌టాపులు చాలా ఉన్నాయి. వాటిని వాడేవాళ్ల మధ్య తగవులూ చాలానే ఉన్నాయి. ఇవి పనిలేనివాళ్ల రుచిభేదాలని తోసిపుచ్చే మిత్రులతో నేను ఏకీభవించలేను.

మొదటి తగవు ఎక్కడ పుట్టిందో చూడండి. 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిష్ కేడీఈకి పిలుపునిచ్చాడు. దానికి పునాది క్యూటీ అనే సాఫ్టువేరు. అది ట్రోల్‌టెక్ అనే నార్వే కంపెనీది. దాన్ని మార్చి పంచుకునే స్వేచ్ఛ అప్పట్లో లేదు. ఇల్లు మనదే గాని నేల పరాయిదన్నమాట! ఈ అభ్యంతరంతోనే 1997లో మెక్సికోకు చెందిన మిగేల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్‌ను ప్రారంభించారు. ఒక పక్షం ముందు పని జరగాలంది. రెండో పక్షం పునాది ఎవరి చేతిలో ఉందని అడిగింది. చివరకు 2000లో క్యూటీ కూడా స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. ఇరుపక్షాలూ లాభపడ్డాయి. కనుక ఆ తగవు వృథా కాలేదు.

ఐతే కోడు తెరిచి ఉన్నంత మాత్రాన పెత్తనం పోదు. 2010లో ఉబుంటులో కిటికీ మీటలను కుడి నుంచి ఎడమకు మార్చారు. వాడేవాళ్లు నిరసించినప్పుడు, ఇది ప్రజాస్వామ్యం కాదనీ, రూపకల్పన మీద ఓట్లు ఉండవనీ దాని వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ చెప్పేశాడు. 2011లో గ్నోమ్ మూడో రూపం పాత అలవాట్లను తలకిందులు చేసింది. అప్పుడు అసమ్మతివాదులు అర్జీలతో ఆగలేదు. పాత కోడును తీసుకొని మేట్‌ను నిలబెట్టారు. కంపెనీ సొంత సాఫ్టువేరు వాడేవాడికి లేనిది ఈ హక్కే.

ఈ హక్కు నిజంగా ఎవరికి అందుతున్నది? విడిపోయి కొత్తది కట్టుకోవాలంటే తీరికా, ప్రోగ్రామింగ్ చదువూ, ఇంగ్లీషూ కావాలి. పాత యంత్రం తప్ప మరొకటి కొనలేని పాలకొండ విద్యార్థి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈని వాడితే అది రుచి కాదు, స్థితి. అతని అసమ్మతిని వినే చోటు ఇంగ్లీషులోనే ఉంటే, హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతపు పాత వాదం గుర్తుకు రాక మానదు. శ్రీకాకుళం నేల మీద పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో జీవించిన గురజాడ అడిగినదేమిటి? చదువు భాష పండితుడిదా, ప్రజలదా అనే కదా! 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాసింది అందుకే. నేడు తెర మీద అదే ప్రశ్న నిలిచింది. ‘ఫైలు’ అనాలా, ‘దస్త్రం’ అనాలా? ‘విండో’నా, ‘కిటికీ’నా, ‘గవాక్షమా’? నా మటుకు నేను ఫైలు పక్షం. కచేరీకి వెళ్లే రైతుకు ఆ మాట ఎప్పుడో తెలుసు. దస్త్రం పక్షంవారు నాతో విభేదించవచ్చు. ఇద్దరికీ అనువాదాన్ని సవరించే వీలుండటమే ముఖ్యం.

గిడుగు మరో అడుగు ముందుకు వేసి, సవరల భాష నేర్చుకొని 1931లో దాని వ్యాకరణాన్ని ప్రచురించారు. 1936లో మంగెయి గొమాంగో ఆ భాషకు సొరా సోంపెంగ్ లిపిని రూపొందించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. కాని అక్షరాలకు చోటు దొరకడం వేరు, ఆ భాషలో తెర మీద పని జరగడం వేరు. ఏ భాషకు తెర ఇవ్వాలో కంపెనీ తన లాభాన్ని బట్టి లెక్క వేసుకుంటుంది. తెరిచిన కోడులో అనువాదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కావలసింది మనుషులు.

గ్నోమ్ మంచిదా, కేడీఈ మంచిదా అని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఎవరికి నచ్చింది వారు వాడవచ్చు. ఆ తగవులో సవర విద్యార్థీ, తెలుగు గుమాస్తా తమ భాషలో, తమ అవసరంతో పాల్గొనేదాకా అది కొద్దిమంది తగవుగానే ఉంటుంది. వారిని అందులోకి తీసుకురావడం భాషా ఉద్యమకారుల బాధ్యత.