మోకాలు, మెట్లు, నాలుగు నగరాలు

మావారి ముప్ఫై మూడేళ్ల సర్వీసులో మాకు తొమ్మిది బదిలీలు. ప్రతిసారీ సామాను కట్టిందీ నేనే, విప్పిందీ నేనే. 'రిటైరయ్యాక యూరప్ చూపిస్తాలే' అనేవారు. ఇంకా ఏడాది సర్వీసు ఉండగానే నా కుడి మోకాలు తొందరపెట్టింది. జూలైలో కీలు మార్పిడి చేయించుకోవాల్సిందే అన్నారు డాక్టరు గారు. 'ముందు యూరప్, తర్వాతే ఆపరేషన్' అన్నాను. మా అబ్బాయి వద్దన్నాడు, కోడలు మాత్రం 'వెళ్లిరండి అత్తయ్యా' అంది. అలా 2025 మే నెలలో బయల్దేరాం. పారిస్‌లో నాలుగు రాత్రులు, వెనిస్, ఫ్లారెన్స్‌లలో రెండేసి, రోమ్‌లో మూడు.

వీసా సంగతి చాలామంది అడిగారు కాబట్టి చెబుతాను. షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. అయితే ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. విమానం దిగింది పారిస్‌లోనే అయినా, మావి ఇటలీలో ఏడు రాత్రులు కనుక మేం ఇటలీకే పెట్టుకున్నాం. మనిషికి 90 యూరోల ఫీజు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, బ్యాంకు నుంచి మావారికి నిరభ్యంతర పత్రం. విదేశీ యాత్రకు ఎల్‌ఎఫ్‌సీలో పన్ను మినహాయింపు కుదరదని 2022లో సుప్రీంకోర్టే తేల్చింది కాబట్టి ఖర్చంతా మాదే. బీమా కాగితం చివరిదాకా చదవండి. ముందునుంచీ ఉన్న జబ్బును చాలా పాలసీలు పట్టించుకోవు. అంటే నా మోకాలికి ఏమైనా అయితే మా జేబులోంచే. ఈ ముక్క మా అబ్బాయికి చెప్పలేదు.

మరో మాట. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి మనం పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేశాను. ఆవకాయ, కారప్పొడి, అటుకులు పెట్టెలో వేసుకున్నాం.

పారిస్‌లో మొదటి రోజే దెబ్బ తగిలింది, అదీ మావారి చేతుల మీదుగా. ఏటీఎంలో మన డెబిట్ కార్డు పెట్టి 300 యూరోలు తీయబోతే, 'రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా?' అని అడిగింది మిషను. ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది కదా అని రూపాయలు నొక్కారు. అలా నొక్కితే మారకం రేటు మన బ్యాంకుది కాదు, ఆ మిషను వాళ్లది. వాళ్ల లాభం అందులోనే కలిపేస్తారు. హోటల్‌కి వచ్చి లెక్కేసుకుంటే రెండు వేల రూపాయలకు పైగా ఎక్కువ పోయింది. ముప్ఫై మూడేళ్లు కౌంటర్లో జనానికి జాగ్రత్తలు చెప్పిన మనిషి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఏటీఎంలోనైనా దుకాణంలోనైనా ఎప్పుడూ ఆ దేశపు డబ్బే ఎంచుకోండి. కార్డు మీద విదేశీ వాడకాన్ని యాప్‌లో ముందే ఆన్ చేసుకోవడం మరవొద్దు.

లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. మేం బుధవారం వెళ్లాం. అక్కడ చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ఏదైనా గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కూర్చోవడానికి నాకు ఎంత సిగ్గేసిందో! 'ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్లెవరు?' అన్నారు మావారు. సరే కూర్చున్నాను. మోనాలిసా బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తే, ఎదురుగా జనం మాత్రం తిరునాళ్ల జనం. నాకు కావలసింది అది కాదు, అపోలో గ్యాలరీలోని రీజెంట్ వజ్రం. 140 క్యారెట్లు. మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ పిట్ చేతుల మీదుగా 1717లో ఫ్రాన్సు రాజకుటుంబానికి చేరింది. నెపోలియన్ తన కత్తి పిడిలో పొదిగించుకున్నాడు. దొరికింది మాత్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో అంటారు. నా పుట్టిల్లు పల్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మా వైపు రాయిని కుర్చీలో కూర్చుని పారిస్‌లో చూశాను. ఈఫిల్ టవర్ రెండో అంతస్తు దాకా లిఫ్టులో వెళ్లొచ్చాం. అందరూ చూసేదే, ఎక్కువ రాయను.

వెనిస్‌లోనే నా మోకాలు లొంగిపోయింది. బస్టాండ్ నుంచి హోటల్ 600 మీటర్లేనని మ్యాపు చూపించింది. మధ్యలో మూడు వంతెనలున్నాయని, వాటికి అటూ ఇటూ మెట్లేనని మేం చూసుకోలేదు. 118 దీవులు, నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరది. కార్లు, ఆటోలు ఉండవు, అంబులెన్సు కూడా పడవే. పెట్టెలు మోస్తూ మావారు, రెయిలింగు పట్టుకుని నేను. రాత్రికి మోకాలు వాచిపోయింది. ఇంటికెళ్లిపోదాం అన్నారాయన. 'ఇంట్లో ఉంటే మాత్రం వాయకుండా ఉంటుందా?' అన్నాను. మర్నాడు వాపొరెట్టో అనే నీటి బస్సుకు పాసులు కొన్నాం. ఒక టికెట్టు తొమ్మిదిన్నర యూరోలు, 75 నిమిషాలే చెల్లుతుంది. కాబట్టి ఎక్కువ తిరిగితే పాసే నయం. వెనిస్‌లో బస వెతుక్కునేటప్పుడు అద్దె కన్నా ముందు, పడవ రేవుకూ హోటల్‌కూ మధ్య వంతెన ఉందో లేదో చూడండి.

రియాల్టో దగ్గర పడవ దిగాక మావారి ముఖం వెలిగింది. డబ్బు మార్చేవాళ్లు వేసుకున్న బల్లను ఇటలీలో 'బాంకో' అనేవారు. మన 'బ్యాంకు' మాట ఆ బల్ల నుంచే వచ్చింది. 1587లో వెనిస్ ప్రభుత్వం తన మొదటి పబ్లిక్ బ్యాంకును ఇక్కడే పెట్టింది. జమకు ఖర్చు, ఖర్చుకు జమ రాసే పద్ధతిని వివరిస్తూ లూకా పచోలీ అనే సన్యాసి రాసిన పుస్తకం 1494లో అచ్చయిందీ ఈ ఊళ్లోనే. రాత్రి తొమ్మిదింటిదాకా పుస్తకాలు టాలీ కాక నేను వేడి చేసి పెట్టిన కూరలన్నిటికీ మూలం ఈయనేనా అనుకున్నాను.

ఫ్లారెన్స్‌కి రైలు రెండు గంటల పైచిలుకు. ఊఫిజి చిత్రశాల పేరుకు అర్థం 'ఆఫీసులు' అట. నిజంగానే ప్రభుత్వ ఆఫీసుల కోసం కట్టిన భవనం. పెద్ద చర్చి గుమ్మటం పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. టికెట్లు రెండు కొని ఉన్నాం. 'నువ్వు రాకపోతే నేనూ వెళ్లను' అన్నారు. నాకు కోపం వచ్చింది. నా మోకాలికి ఆయన కాళ్లు కూడా కట్టేయడం దేనికి? వెళ్లి తీరాలన్నాను. కింద అరుగు మీద గంటన్నర కూర్చున్నాను. ఎన్నాళ్లకో ఏ పనీ లేకుండా కూర్చున్నానేమో, బాగానే ఉంది. పైనుంచి ఫోను: 'పసుపు చీరలో చుక్కలా కనబడుతున్నావ్, చెయ్యి ఊపు!' ఊపాను. చుట్టుపక్కలవాళ్లు కూడా పైకి చూసి చేతులు ఊపారు.

రోమ్‌లో రాళ్ల దారులు మోకాలికి శత్రువులు, కొలోసియంలో మాత్రం లిఫ్టు ఉంది. వీధి కొళాయిల నీళ్లు చల్లగా ఉంటాయి, నిశ్చింతగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. నా కాఫీలన్నీ ఖరీదైనవే.

జూలైలో ఆపరేషన్ అయింది. అక్టోబరు 19న లూవ్ర్‌లో దొంగలు పడ్డారని టీవీలో చూశాం. నేను కుర్చీలో తిరిగిన ఆ గ్యాలరీలోనే ఎనిమిది నగలు పోయాయి, రీజెంట్‌ని మాత్రం ముట్టుకోలేదు. కొన్ని నగల్ని బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకు చేర్చారని తర్వాత వార్త వచ్చింది. 'చూశావా, చివరికి బ్యాంకు లాకరే దిక్కయింది' అన్నారు మావారు, నేను ఎక్కుతున్న మేడమెట్లు లెక్కపెడుతూనే. ఆ రోజు పద్నాలుగు.